బెణికిన కాలితో మళ్ళీ పరుగు

విద్యార్థి సంఘం మిత్రులు వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని అడిగినప్పుడు, నేను సాహిత్యం గురించో దేశ సమస్యల గురించో రాస్తాననుకున్నట్టున్నారు. చీలమండ గురించి రాస్తానంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వేవాళ్ళు నవ్వనీ. తెల్లవారి ఐదున్నరకు మన యూనివర్సిటీ స్టేడియం దగ్గర ఒక పావుగంట నిలబడి చూడండి. పోలీసు సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగు కోసం కొందరు, ఆర్మీ ర్యాలీకని కొందరు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకని కొందరు చుట్లు కొడుతుంటారు. వాళ్ళలో ఇద్దరో ముగ్గురో కాలికి క్రేపు బ్యాండేజి చుట్టుకుని, పళ్ళు బిగబట్టి, కుంటుతూ పరుగెడుతూ కనిపిస్తారు. ఆ ఇద్దరు ముగ్గురి కోసమే ఈ వ్యాసం.

నేను డాక్టర్ని కాను. ఒకప్పుడు 1500 మీటర్లు, 5000 మీటర్లు పరుగెత్తినవాణ్ణి. ఇప్పుడు చిత్తూరు పక్కన పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. నా అనుభవంలో తెలిసినదీ, తర్వాత ఫిజియోథెరపీ మిత్రుల దగ్గర కూర్చుని నేర్చుకున్నదీ కలిపి చెబుతున్నాను.

ఎం.ఏ. చివరి సంవత్సరంలో, పోటీలకు ఇంకా నెలన్నర ఉందనగా, కొండవైపు మట్టిదారిలో పరుగెడుతూ ఒక గుండ్రాయి మీద కాలు వేశాను. పాదం లోపలికి మడతపడింది. ‘టప్’మని చిన్న శబ్దం కూడా వినిపించింది. రూముకు వచ్చేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాచింది. వారం తిరిగేసరికి వాపు తీసింది, నడిస్తే నొప్పి లేదు. ఇంకేముంది, తగ్గిపోయిందనుకున్నాను. తొమ్మిదోనాడు ట్రాకు ఎక్కాను. మూడు చుట్లు బాగానే నడిచాయి. నాలుగో చుట్టులో మలుపు దగ్గర, రాయీ లేదు రప్పా లేదు, చదునైన నేల మీద అదే కాలు, అదే వైపు మళ్ళీ మడతపడింది. ఈసారి వాపు పిక్క దాకా పోయింది. ఆ ఏడు పోటీలకు నా పేరు జట్టులోంచి తీసేశారు. నాకు మళ్ళీ ఆ అవకాశం రాలేదు. తప్పు ఎవరిదీ కాదు, నాదే. నొప్పి పోవడమూ, కాలు బాగుపడటమూ ఒకటే అనుకున్నాను.

రెండూ ఒకటి ఎందుకు కావో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

చీలమండ బయటివైపు ఎముకలను పట్టి ఉంచే సంధిబంధకాలు మూడు ఉన్నాయి. వీటినే లిగమెంట్లు అంటాం. మూడూ కాలి చిన్న ఎముక కొస నుంచి బయల్దేరతాయి: ఒకటి ముందుకు, ఒకటి కిందికి, ఒకటి వెనక్కి. పాదం లోపలికి మడతపడినప్పుడు మొదట దెబ్బతినేది ముందరిది. అది మూడింట్లోకీ బలహీనమైనది. లోపలివైపు బంధకం వెడల్పుగా, గట్టిగా ఉంటుంది. పైగా బయటి ఎముక కొస కొంచెం కిందికి దిగి అడ్డు నిలుస్తుంది. అందుకే బెణుకుల్లో ఎక్కువ భాగం పాదం లోపలికి తిరిగి వచ్చేవే. ఇంకో సంగతి. పాదాన్ని వంచి వేళ్ళను నేలవైపు చాచినప్పుడు కీలు కాస్త వదులవుతుంది. ఎందుకంటే లోపల ఉండే చీలమండ ఎముక ముందువైపు వెడల్పు, వెనకవైపు ఇరుకు. వేళ్ళు కిందికి వంగితే ఆ ఇరుకు భాగం కీలులోకి వస్తుంది. మెట్లు దిగేటప్పుడు, ఎగిరి నేల మీద వాలేటప్పుడు కాలు మడతపడటానికి ఇదొక కారణం.

బంధకం కొద్దిగా సాగితే మొదటి తరగతి బెణుకు, కొంత చిరిగితే రెండో తరగతి, పూర్తిగా తెగితే మూడో తరగతి. మొదటిదానికి వారం నుంచి మూడు వారాలు, రెండోదానికి మూడు నుంచి ఆరు వారాలు, మూడోదానికి మూడు నెలల దాకా అని ఉజ్జాయింపు లెక్క. కానీ అది రోజువారీ పనులకు తిరిగి రావడానికి పట్టే కాలం. చిరిగిన చోట శరీరం మొదటి కొన్ని రోజులు వాపుతో శుభ్రం చేసుకుంటుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలు కొత్త పోగులు వేస్తుంది. అవి చిందరవందరగా, నులకమంచానికి చేతకానివాడు అల్లిన నులకలా ఉంటాయి. వాటిని వరసలో పెట్టి బిగించే పని నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా సాగుతుంది. ఆ పోగులు ఏ వైపు వరస కట్టాలో చెప్పేది మనం వేసే బరువే. బరువే వెయ్యకపోతే వరస కుదరదు, తొందరపడి ఎక్కువ వేస్తే తెగుతుంది. ఈ రెండింటి మధ్యనే మొత్తం విద్య ఉంది.

ఇక నేను చదునైన నేల మీద ఎందుకు పడ్డాను? దానికి జవాబు ఇంగ్లండులో 1965లోనే మైకేల్ ఫ్రీమన్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ చెప్పారు. బంధకాలు ఉత్త తాళ్ళు కావు. వాటిలో, కీలు చుట్టూ ఉండే పొరల్లో సన్నని నాడుల కొసలు ఉంటాయి. పాదం ఏ కోణంలో ఉందో అవి క్షణక్షణమూ పైకి వార్త పంపుతుంటాయి. బెణికినప్పుడు ఆ వార్తాహరులు కూడా దెబ్బతింటారు. కాలు పక్కకు ఒరుగుతున్నట్టు వార్త ఆలస్యంగా అందితే, ఆపవలసిన కండరం ఆలస్యంగా బిగుస్తుంది. అంతలోకే కాలు మడతపడుతుంది. వాపు లేదు, నొప్పి లేదు, కానీ కాలికి తానెక్కడుందో తనకే సరిగ్గా తెలియదు. ఒంటికాలి మీద నిలబడే అభ్యాసంతో ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దవచ్చని కూడా వాళ్ళే చూపించారు. నేను చదువుకునే రోజుల్లో ఈ ముక్క నాకెవరైనా చెప్పి ఉంటే!

సరే, కాలు మడతపడింది. మన జిల్లాలో మొదట వినిపించే మాట ఏది? “పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకో నాయనా!” మా తాత కూడా అదే అన్నాడు. తిరుపతి నుంచి మద్రాసు పోయే దారిలో పుత్తూరు. దాని పక్కనే ఈశ్వరాపురం, దాన్నే రాచపాళెం అని కూడా అంటారు. అక్కడ ఒక రాజుల కుటుంబం వారు తరతరాలుగా ఎముకలకు కట్టు కడుతున్నారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ – ఇవీ అందులో ముఖ్యమైనవి. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులు మద్రాసు వీధుల్లో కూడా కనిపిస్తాయి. దాన్ని తీసిపారేసే వాళ్ళలో నేను లేను. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచాలన్న సూత్రం సరైనదే, వెదురు బద్దతో పట్టినా పిండికట్టుతో పట్టినా. అయితే రెండు మాటలు చెప్పుకోవాలి. విరిగిందో లేదో ముందు ఎక్స్‌రేలో చూసుకోవాలి. రెండోది, ఎముక విరగని మామూలు బెణుకుకు వారాల తరబడి కదలకుండా కట్టు ఉంచుకోవలసిన పని సాధారణంగా లేదు. అలా ఉంచితే పిక్క సన్నబడుతుంది, కీలు బిగుసుకుపోతుంది.

ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలి? కెనడాలోని ఒట్టావాలో 1992లో వైద్యులు దీనికి చక్కని గుర్తులు తయారుచేశారు. నేడు ప్రపంచమంతా వాటినే వాడుతోంది. చీలమండకు రెండువైపులా ఉండే ఎముక బుడిపెల వెనక అంచు మీద, కింది 6 సెంటీమీటర్ల మేర, లేదా బుడిపె కొస మీద నొక్కితే ఎముకలోనే నొప్పి ఉన్నా. పాదం బయటి అంచు మధ్యలో చిటికెనవేలి ఎముక మొదలు దగ్గర గానీ, పాదం లోపలివైపు వంపు పైన ఉండే ఎముక మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా. దెబ్బ తగిలిన వెంటనేనూ, డాక్టరు దగ్గరికి చేరాకనూ నాలుగడుగులు వెయ్యలేకపోయినా – ఎక్స్‌రే కావాలి. కుంటుకుంటూ వేసినా అడుగు అడుగే. ఈ గుర్తులు లేకపోతే విరిగి ఉండటం చాలా అరుదు.

మొదటి మూడు రోజుల సంగతి త్వరగా చెప్పేస్తాను. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రాన్ని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరు ప్రచారంలోకి తెచ్చారు. ఆయనే 2014లో ఐసూ పూర్తి విశ్రాంతీ మానడాన్ని ఆలస్యం చేయవచ్చునని తన మాట సవరించుకున్నారు. చెప్పినదాన్ని ముప్పై ఆరేళ్ళ తర్వాత తానే సవరించుకునే పెద్దమనుషులు ఎంతమంది ఉంటారు చెప్పండి! నొప్పి తట్టుకోలేకపోతే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టుకోవచ్చు, తప్పులేదు. కట్టు కట్టుకుని కాలు దిండు మీద పెట్టడం మంచిదే. ఇంట్లో అవ్వ చింతపండూ ఉప్పూ వెచ్చజేసి పట్టు వేస్తానంటే, చర్మం కాలకుండా చూసుకోండి చాలు, ఆమె మనసు కష్టపెట్టవద్దు. కానీ నూనె రాసి గట్టిగా తోమడం, లాగి ‘నరం సరిచేయడం’ మొదటి రోజుల్లో ఒప్పుకోవద్దు. మూడో రోజు నుంచి నొప్పి ఒప్పినంత మేర పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, కర్ర ఊతంతోనైనా బరువు మోపి నడవడం మొదలుపెట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పరుగు ఎప్పుడు? క్యాలెండరు చూసి కాదు, కాలును అడిగి. నేను కుర్రవాళ్ళకు నాలుగు పరీక్షలు పెడతాను. కుంటకుండా వడిగా అరగంట నడవగలగాలి, మర్నాడు వాపు రాకూడదు. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేలకు అంటించే ఉంచి, మోకాలు గోడకు తగిలించాలి. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉంటే ఇది కుదురుతుందో రెండు కాళ్ళకూ కొలిచి చూస్తే, ఇంచుమించు సమానంగా ఉండాలి. దెబ్బతిన్న కాలి మీద ఒంటిగా నిలబడి మడమ ఎత్తి దించడం ఇరవైసార్లు చేయగలగాలి. అదే కాలి మీద కళ్ళు తెరిచి 30 సెకన్లు ఊగకుండా నిలబడాలి, ఆ తర్వాత కళ్ళు మూసుకుని ప్రయత్నించాలి. కళ్ళు మూసుకోగానే తెలుస్తుంది అసలు రంగు! మంచి కాలు రాయిలా నిలుస్తుంది, బెణికిన కాలు గాలికి ఊగే కొబ్బరిమట్టలా ఊగుతుంది. నొప్పి ఎప్పుడో పోయినవాళ్ళు కూడా ఈ పరీక్షలో తప్పుతుంటారు.

ఈ పరీక్షలే అభ్యాసాలు కూడా. దానికి జిమ్ము అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పళ్ళు తోముకునేటప్పుడు రెండు నిమిషాలు ఒంటికాలి మీద నిలబడండి. హాస్టల్లో నీళ్ళ కొళాయి దగ్గర, మెస్సు క్యూలో కూడా నిలబడవచ్చు. చూసేవాళ్ళు కొంగజపం అంటారు, అననీ. కొన్నాళ్ళకు మడతపెట్టిన దుప్పటి మీదో, దిండు మీదో నిలబడండి. ఆ తర్వాత ఒక మిత్రుణ్ణి బంతి విసరమని ఒంటికాలి మీదే పట్టుకోండి. మెట్టు అంచు మీద ముందరి పాదం ఉంచి మడమను కిందికి దించి పైకి లేపడం పిక్కకు మంచి పని. పరుగులో మడమ పైన ఉండే ఆ గట్టి స్నాయువు మన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. పాదం నేల తాకినప్పుడు నేల నుంచి తిరిగి వచ్చే తాకిడే ఒంటి బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. 60 కిలోల మనిషి అయితే 120 నుంచి 180 కిలోలన్నమాట, అదీ ఒంటికాలి మీద, నిమిషానికి కొన్ని పదులసార్లు. నడకలో ఒక కాలు లేచేలోపు రెండోది నేల మీద ఉంటుంది. పరుగులో అట్లాంటి దయ లేదు. బాగా నడుస్తున్నాను కాబట్టి పరుగెత్తగలనని చెప్పడం అందుకే కుదరదు. పరుగుకు ముందు రెండు కాళ్ళ మీద, తర్వాత ఒంటికాలి మీద మెల్లగా పది గెంతులు వేసి చూడాలి.

అన్నీ కుదిరాక, మొదటి రోజు ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా ఎనిమిదిసార్లు. అంటే ఇరవై నాలుగు నిమిషాల్లో పరుగెత్తేది ఎనిమిది నిమిషాలే! పోటీల్లో పరుగెత్తినవాడికి ఇది అవమానంలాగే ఉంటుంది, నాకు తెలుసు. పక్కన జూనియర్లు దాటిపోతుంటారు. దాటనివ్వండి. మర్నాడు పరుగు లేదు, ఒంటికాలి అభ్యాసాలే. మూడోనాడు మళ్ళీ. పరుగెత్తేటప్పుడు నొప్పి పదికి రెండు మూడు దాటకూడదు. ఇంతకన్నా ముఖ్యమైన సాక్షి మర్నాటి పొద్దున. మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు ముందురోజు కన్నా బిరుసుగా ఉన్నా, చీలమండ గుంటలు పూడినట్టు కనిపించినా, నిన్నటి పని ఎక్కువైందని అర్థం. ఒక మెట్టు వెనక్కి దిగాలి. రెండు మూడుసార్లు సాఫీగా జరిగితే రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక. తర్వాత ఐదుకు ఒకటి. చివరికి ఆగకుండా ఇరవై నిమిషాలు. ముందు దూరం పెంచాలి, ఆ తర్వాత వేగం. రెండూ ఒకే వారంలో పెంచకూడదు. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం కాపలావాడి నోరు కట్టి తలుపు తీసి పెట్టడం వంటిది.

నేల సంగతి కూడా చూసుకోవాలి. మొదట చదునైన మట్టి ట్రాకు మంచిది. అందరూ ఒకే దిక్కున తిరుగుతారు కాబట్టి మలుపుల్లో రెండు పాదాల మీదా భారం ఒకలాగా పడదు; జనం లేని వేళ అప్పుడప్పుడు ఎదురు దిక్కున కూడా తిరగండి. తారు రోడ్డు అంచులు వాలుగా ఉంటాయి, పాదం రోజూ ఒకే వైపు ఒరుగుతుంది. గుట్టదారులు, గడ్డిలో దాగిన గుంతలు, అటూ ఇటూ మలుపులు తిరిగే కబడ్డీ, ఫుట్‌బాల్ ఇవన్నీ చివరికి. ఒకసారి బెణికినవాళ్ళు తిరిగి ఆటలోకి దిగేటప్పుడు చీలమండకు టేపు గానీ, తాళ్ళ తొడుగు గానీ వేసుకుంటే మళ్ళీ బెణికే అవకాశం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. తొడుగు వేసుకున్నామని ఒంటికాలి అభ్యాసం మానకూడదు; నొప్పి పోయాక కూడా కొన్ని నెలలు చేయాలి.

తిరుపతిలో ఇంకొక చిక్కు ఉంది. కాలు బాగైతే కొండకు నడిచి వస్తానని మొక్కుకుంటారు! అలిపిరి దారిలో మెట్లు 3550. గాలిగోపురం దాకా ఏకబిగిన ఎక్కుడు. ఆ తర్వాత మోకాళ్ళ పర్వతం సరేసరి. ఎక్కేటప్పుడు అడుగు నిదానంగా పడుతుంది, కీలు బిగువుగా ఉంటుంది. దిగేటప్పుడే ప్రమాదం: ముందు చెప్పినట్టు వేళ్ళు కిందికి చూస్తూ, కీలు వదులై, ఒంటి బరువంతా ఒక్కసారిగా పడుతుంది, అదీ అలసిన కాలి మీద. మొక్కు తీర్చుకోండి, తొందరేమీ లేదు, ఆగుతాడు. పరుగు కుదుటపడ్డాకే ఎక్కండి, దిగేటప్పుడు బస్సులో రండి. నడిచి దిగుతానని మొక్కుకున్నవాళ్ళు నాకింతవరకు తగలలేదు.

పెద్ద క్రీడాకారులకు ఈ నిదానం వర్తించదని కొందరు వాదిస్తారు. మన పి.వి. సింధు సంగతి చూడండి. 2022 ఆగస్టు 8న బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఎడమ చీలమండకు పట్టీ వేసుకుని ఆడి బంగారు పతకం గెలిచింది. ఆ తర్వాత చూస్తే ఎముకలో సన్నని పగులు. అది బెణుకు కాదు, పదేపదే పడ్డ భారం వల్ల వచ్చే పగులు. దాని లెక్క వేరు. అదే నెలలో ప్రపంచ పోటీలు ఉన్నా ఆమె వెళ్ళలేదు. డిసెంబరులో సంవత్సరాంతపు పోటీలు కూడా వదులుకుంది. 2023 జనవరిలో మలేషియా ఓపెన్‌తో మళ్ళీ కోర్టులోకి దిగి, మొదటి రౌండులోనే కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయింది. రెండు ఒలింపిక్ పతకాలు గెలిచిన మనిషికి, వెంట ఫిజియోలూ కోచ్‌లూ ఉన్న మనిషికి దాదాపు ఐదు నెలలు పట్టింది. అప్పటికీ మొదటి అడుగు ఓటమితోనే. అయినా 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. హాస్టల్ సాంబారు తిని పరుగెత్తే మనం తొమ్మిది రోజుల్లో లేచి దౌడు తీయాలనుకోవడం ఏం న్యాయం?

క్రిందటి నెల నా దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. పుంగనూరు పక్కన పల్లె. తండ్రి టమాటా తోటలో కూలికి పోతాడు. పోలీసు సెలక్షన్లకు తయారవుతూ కాలు బెణికించుకున్నాడు. అది అప్పటికే మూడోసారి.

“సార్, నొప్పి ఏం లేదు సార్. రేపటి నుంచి పరిగెత్తేదా?” అన్నాడు.

“ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకో అబ్బయ్యా” అన్నాను.

నాలుగు సెకన్లలో నా బల్ల పట్టుకున్నాడు. ఇంకో కాలి మీద నిలబెట్టాను, అరనిమిషం నిలిచాడు. నవ్వాడు కానీ కళ్ళలో నీళ్ళు. “పరుగు తేదీ పడితే ఎట్ల సార్? ఈసారి తప్పితే వయసు దాటిపోతాది” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. తేదీలు నా చేతిలో లేవు, వాడి చేతిలోనూ లేవు. నోటిఫికేషన్లు కాలు చూసి రావు. నేను చెప్పగలిగింది ఒకటే: ఇప్పుడు రేపటి నుంచి పరుగెత్తితే నాలుగోసారి బెణుకుతుంది, ఆ పరుగులో అసలు నిలబడలేవు, ఆరు వారాలు నేను చెప్పినట్టు చేస్తే నిలబడే అవకాశం ఉంది. ఆలోచించుకుని వస్తానని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే వచ్చాడు, చేతిలో గడియారంతో.

ఇది రాసేనాటికి నాలుగో వారం నడుస్తోంది. కళ్ళు మూసుకుని ఇరవై రెండు సెకన్లు నిలుస్తున్నాడు. మొన్న ఆదివారం రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక మొదలుపెట్టాం. మర్నాడు పొద్దున ఆరింటికి ఫోను చేశాడు: “సార్, మంచం దిగి నాలుగడుగులు వేసినాను. నిన్నట్లనే ఉండాది.”